అమ్మా, ఇది అయిపోయే ఆట కాదు

గేమ్స్ ఆడేవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఒక కామన్ డైలాగ్ ఉంటుంది. "ఇంకా అవలేదా?" అది వంటింట్లోంచి వస్తుంది. అన్నం చల్లారిపోతోందన్న సంగతి కూడా అందులోనే కలిసి ఉంటుంది. మా అమ్మ ఇరవై ఏళ్లుగా ఇదే అడుగుతోంది. చిన్నప్పుడు నేను "ఇంకో రెండు స్టేజీలమ్మా" అనేవాణ్ని. అది అబద్ధం కాదు, నిజంగానే రెండు స్టేజీలు మిగిలి ఉండేవి. ఇప్పుడు మా పిన్ని కొడుకు వాళ్లమ్మకి ఆ జవాబు చెప్పాలన్నా చెప్పలేడు. వాడి ఫోన్‌లో ఉన్న గేమ్‌కి ఆఖరి స్టేజీ అనేదే లేదు.

ఈ వారం ఆ ఆఖరి స్టేజీ గురించి మాట్లాడుకుందాం.

నా వయసు వాళ్లకి టీవీకి తగిలించే వీడియో గేమ్ గుర్తుండే ఉంటుంది. డబ్బా మీద ఏ పేరున్నా లోపల ఉన్నది నింటెండో మెషీన్‌కి కాపీ అని అప్పుడు మనకేం తెలుసు. పసుపు రంగు క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. ఓపిగ్గా లెక్కపెడితే పదో పదిహేనో ఆటలు, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. పని చెయ్యకపోతే క్యాసెట్ తీసి ఊదడం, మళ్లీ పెట్టడం. ఊదితే ఎందుకు పనిచేస్తుందో ఇంజినీరింగ్ చదివాక కూడా నాకు నమ్మకంగా తెలీదు గానీ, పనిచేసేది.

మా అన్నయ్యా నేనూ ఎక్కువగా ఆడింది కాంట్రా. 8 స్టేజీలు. మూడోది జలపాతం. ఇద్దరూ పైకి ఎగురుకుంటూ వెళ్లాలి. ఒకడు తొందరపడి ముందు ఎక్కేస్తే స్క్రీన్ వాడితో పాటే పైకి జరుగుతుంది, కింద ఉన్నవాడు కనపడకుండా పోయి చచ్చిపోతాడు. కింద ఉన్నది ఎప్పుడూ నేనే. ఆ జలపాతం దగ్గర మేం కొట్టుకున్నంతగా ఆస్తి పంపకాల్లో కూడా ఎవరూ కొట్టుకోరు. అందులో సేవ్ అనే మాటే లేదు. ఏడో స్టేజీలో ఉండగా కరెంటు పోతే మళ్లీ మొదటి అడవిలోంచే. ఏలూరు ఎండాకాలంలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా.

అయినా ఒక వేసవి మధ్యాహ్నం అయిపోయింది. ఆఖర్న పెద్ద గుండెకాయ ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది, దాన్ని పేల్చేశాం. దీవి మొత్తం పేలిపోయింది, హెలికాప్టర్ ఎగిరిపోయింది, తర్వాత పేర్లు పడ్డాయి. ఆ పేర్లు మేమిద్దరం ఒక్కటీ వదలకుండా చూశాం. ఒక్కటీ అర్థం కాలేదు. తర్వాత అన్నయ్య రిమోట్లు మడతపెట్టి డబ్బాలో పెట్టేశాడు. అమ్మ పిలవకుండా మేమే వెళ్లి అన్నానికి కూర్చున్నాం. మా ఇంటి చరిత్రలో అది ఒక్కసారే జరిగింది.

తర్వాత నెట్ సెంటర్ రోజులు. గంటకి పదిహేను రూపాయలు. అక్కడ రాజు ఐజీఐ. 2000లో వచ్చిన ఆ గేమ్ మేం హైస్కూలుకి వచ్చినా అన్ని సిస్టమ్స్‌లోనూ ఉండేది. 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకోడానికి లేదు. కంచె దాటి, కెమెరా ఆపి, టవర్ మీదవాణ్ని కొట్టి, గేటు దాకా వచ్చాక ఒక్క గార్డు వెనకనుంచి కాలిస్తే మళ్లీ మొదటికే. గంట అయిపోయేది, మిషన్ అయ్యేది కాదు. "అన్నా, ఇంకో ఐదు నిమిషాలన్నా" అని బతిమాలేవాళ్లం. వైస్ సిటీ సంగతి వేరు. ట్యాంక్ చీట్ కొట్టి ఊరంతా తిరగడమే ఆ గేమ్ అనుకున్నాం. దానికి ఒక కథ, ఆఖరి మిషన్ ఉన్నాయని నాకు బీటెక్ సెకండియర్‌లో తెలిసింది.

ఇదంతా చదివి "పాత గేమ్సే బంగారం అంటాడేమో" అనుకోకండి. పాత గేమ్స్‌కీ ఆశ ఉంది. కాంట్రా 1987లో పుట్టింది ఆర్కేడ్ మెషీన్‌లో. అక్కడ నువ్వు ఎంత త్వరగా చస్తే అంత త్వరగా ఇంకో నాణెం వేస్తావు. అవి అంత కష్టంగా ఉండటానికి అదీ ఒక కారణమే. ఇంటికొచ్చే క్యాసెట్‌లోనూ లెక్కలున్నాయి. ఉన్నదే గంటలోపు ఆట, అది ఒక్కరోజులో అయిపోతే కొన్నవాడు ఊరుకోడు కదా, అందుకని చంపి చంపి నెలలు లాగారు. కాకపోతే ఆ ఆశకి ఒక హద్దు ఉండేది. డబ్బు ముందే ఇచ్చేశాం. ఆ తర్వాత నువ్వు ఆడినా, అటక మీద పడేసినా కంపెనీకి ఒకటే.

ఫోన్‌లో ఫ్రీగా వచ్చే గేమ్‌కి మాత్రం ఒకటి కాదు. అక్కడ నువ్వు రేపు రాకపోతే నష్టం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ భాష కొత్త కాదు. యాప్ ఏదైనా సరే, డాష్‌బోర్డు మీద మూడు అంకెలు ఉంటాయి. డీ1, డీ7, డీ30. ఇవాళ ఇన్‌స్టాల్ చేసినవాళ్లలో రేపు ఎంతమంది వచ్చారు, వారానికి ఎంతమంది, నెలకి ఎంతమంది అని. మీటింగ్‌లో ఆ గీత కిందికి వంగితే అందరి మొహాలూ వంగుతాయి. ఇప్పుడు ఆలోచించండి. ఆ గీత పడిపోకూడదంటే గేమ్‌లో అస్సలు ఉండకూడనిది ఏంటి? ముగింపు. పేర్లు పడ్డాయంటే ప్లేయర్ లేచి అన్నానికి వెళ్లిపోతాడు.

క్యాండీ క్రష్ చూడండి. మన అమ్మలు, అత్తలు కూడా ఆడిన ఆట కాబట్టి అందరికీ తెలుసు. 2012లో వచ్చింది, ఇప్పటికి పది వేల లెవెల్స్ దాటిపోయాయి. 5 లైఫ్‌లు ఇస్తుంది, ఒకటి పోతే 30 నిమిషాలకి ఒకటి తిరిగొస్తుంది. చాలామంది ఇది లైఫ్‌లు అమ్ముకోడానికే అనుకుంటారు. అదీ ఉంది. దానికంటే తెలివైన పని ఇంకోటి చేస్తుంది. నీకు విసుగు పుట్టకముందే నిన్ను బయటికి పంపిస్తుంది. ఇంకా ఆకలి ఉండగానే విస్తరి తీసేసినట్టు. అరగంట తర్వాత నీ చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్తుంది. ఆ ఆలోచన చేసినవాడెవడో గానీ, ఇంజినీర్‌గా నేను టోపీ తీస్తాను. ప్లేయర్‌గా కాదు.

ఇలాంటి లెక్కలకి అడ్డంగా నిలబడ్డ మనిషి నాకు తెలిసి ఒక్కడున్నాడు. వియత్నాం కుర్రాడు, పేరు డాంగ్ గుయెన్, ఉండేది హనోయ్. 2013 మే నెలలో ఫ్లాపీ బర్డ్ అని చిన్న గేమ్ పెట్టాడు. తయారు చెయ్యడానికి అతనికి పట్టింది రెండు మూడు రోజులు. స్క్రీన్ మీద వేలితో కొడితే పిట్ట ఎగురుతుంది, పచ్చ పైపుల మధ్యలోంచి దాటించాలి, తగిలితే అవుట్. ఆరేడు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. 2014 జనవరిలో ఒక్కసారిగా ప్రపంచంలో నంబర్ వన్ అయిపోయింది. మా కాలేజీల్లో, బస్సుల్లో అదే పిట్ట. యాడ్స్ మీదే రోజుకి దాదాపు 50,000 డాలర్లు వచ్చేవని అప్పట్లో వార్తలు వచ్చాయి. రోజుకి! ఫిబ్రవరి రెండో వారం వచ్చేసరికి, 22 గంటల్లో దీన్ని తీసేస్తున్నానని ట్విట్టర్‌లో చెప్పాడు, చెప్పినట్టే తీసేశాడు. ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు నిమిషాలు ఆడుకోమని చేస్తే అది వ్యసనం అయిపోయింది, అదే సమస్య అని తర్వాత కారణం చెప్పాడు.

గేమ్‌కి ఎండింగ్ లేదు కాబట్టి, తనే వెళ్లి ఎండింగ్ అయ్యాడు. మన ఆఫీసుల్లో ఎవరైనా ఇలా డీ30 గ్రాఫ్ ఆకాశంలో ఉండగా సర్వర్ ఆపేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ పేరుని తర్వాత వేరేవాళ్లు ట్రేడ్‌మార్క్ చేయించుకుని 2024లో కొత్త ఫ్లాపీ బర్డ్ తెస్తున్నాం అన్నారు. దాంతో తనకేం సంబంధం లేదని అతను చెప్పుకోవాల్సి వచ్చింది. పిట్ట చచ్చినా జనం వదల్లేదన్నమాట.

ఇక మా పిన్ని కొడుకు సంగతి. పాలిటెక్నిక్ ఫస్టియర్. పండక్కి ఊరెళ్తే పిన్ని నన్ను పక్కకి పిలిచింది. "నువ్వైనా చెప్పరా నాన్నా. నువ్వూ ఆడతావుగా, నీ మాటైతే వింటాడు." బాబాయ్ ఇంకో అడుగు ముందుకేసి, "అయినా గేమ్స్ అన్నీ గవర్నమెంటు బ్యాన్ చేసేసిందటగా, ఇంకా వీడికెలా వస్తున్నాయి?" అన్నాడు. ఇది చాలా ఇళ్లలో ఉన్న గందరగోళమే కాబట్టి ఒక్క ముక్క చెప్తా. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆపింది డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించాయి. వాటి పేరులోనూ గేమే ఉంది, దీని పేరులోనూ గేమే ఉంది. బాబాయ్‌కి తేడా చెప్పేసరికి టీ చల్లారింది.

కుర్రాడి పక్కన కూర్చున్నా. తుపాకుల గేమ్, పేరెందుకులెండి. ఓపెన్ చెయ్యగానే పాటతో ఒక పోస్టర్. దాన్ని మూశాక ఇంకోటి. లాగిన్ బహుమతి, ఏడో రోజుకి పెద్దది ఉంది కాబట్టి మధ్యలో ఒక్కరోజు మానకూడదు. పెట్టె ఒకటి తెరవాలి, అందులో ఎవరికీ అక్కర్లేని చొక్కా. మెనూలో ఏ మూల చూసినా ఎర్ర చుక్కలు, ఒక్కోటి నొక్కితే గానీ పోవు. మొదటి మ్యాచ్ మొదలయ్యేలోపు వాడు పదకొండు చోట్ల నొక్కాడు, నేను లెక్కపెట్టా. ఇందులో ఆట ఎక్కడుందిరా అంటే, "ఇవి క్లెయిమ్ చెయ్యకపోతే పోతాయన్నయ్యా, ఈవెంట్ ఇంకా మూడు రోజులే" అన్నాడు. ఆ గొంతులో ఆడుకునేవాడి హుషారు లేదు. ఇంటర్నల్స్ దగ్గరపడ్డ స్టూడెంట్ గొంతు అది.

నాకు దొరికింది ఛాన్స్ అనుకుని మొదలుపెట్టా. ఫైర్‌వాచ్ గురించి చెప్పా. 2016లో వచ్చిన చిన్న గేమ్. అమెరికాలో వయోమింగ్ అడవి, 1989 ఎండాకాలం. కార్చిచ్చు వస్తుందేమో టవర్ మీద కూర్చుని చూసే ఉద్యోగం మనది. తోడు ఒక్క వాకీటాకీ, అందులో పక్క టవర్ ఆవిడ గొంతు. నాలుగైదు గంటల కథ, నేను మూడు రాత్రుల్లో అవగొట్టా. సేల్‌లో బిర్యానీ ఖరీదు కూడా లేదు. ఆ ముగింపు చాలామందికి నచ్చదు, నాకు మాత్రం రెండు రోజులు తలలోంచి పోలేదు. మూడో రోజు నుంచి దాన్ని మళ్లీ ముట్టుకోలేదు, అదీ నన్ను పిలవలేదు. నోటిఫికేషన్ లేదు, ఎర్ర చుక్క లేదు. గేమంటే అలా ఉండాలిరా అని ముగించా.

వాడు అంతా విన్నాడు. మర్యాదస్తుడు. విని, "బానే ఉందన్నయ్యా. కానీ అందులో మన ఫ్రెండ్స్ ఉండరు కదా" అన్నాడు.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే 2020లో నేనూ ఆ లాబీలోనే కూర్చున్నా.

లాక్‌డౌన్‌కి హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి ఏలూరొచ్చేశా. బీటెక్ గ్యాంగ్ నలుగురం. నేను, బెంగళూరులో ఒకడు, ఒంగోల్లో ఒకడు, ఎమ్మెస్‌కి వెళ్లి డాలస్‌లో ఇరుక్కుపోయినవాడు ఒకడు. రోజూ పబ్జీ. వంద మంది దిగే ఆ మ్యాపులో మేం గెలిచింది తక్కువ. డాలస్ వాడు మా సర్వర్‌లోకి రావాలి కాబట్టి వాడికి అన్నీ లేటుగా కనిపించేవి. శత్రువు కనపడేసరికే వీడు పోయి ఉండేవాడు. చచ్చిపోయాక కూడా మైక్ ఆన్‌లోనే ఉండేది. అక్కడ సరుకుల కోసం లైన్‌లో నిలబడ్డ కబుర్లు, ఇంటర్న్‌షిప్ పోయిన కబురు, ఒంగోలు వాడి నాన్నగారికి కోవిడ్ అని తెలిసిన రాత్రి... ఇవన్నీ మేం మాట్లాడుకున్నది పోచింకీలో గోడ వెనక కూర్చుని. ఫోన్ చేసి "ఎలా ఉన్నావురా" అని అడగడం మగపిల్లలకి ఎందుకో రాదు. "లెవెల్ త్రీ హెల్మెట్ ఉంది, కావాలా" అంటే వచ్చేస్తుంది.

సెప్టెంబర్ 2న ప్రభుత్వం 118 యాప్స్ నిషేధించింది, అందులో పబ్జీ ఒకటి. ఫోన్లలో ఉన్నవాళ్లకి ఇంకొన్నాళ్లు నడిచింది. అక్టోబర్ 30న సర్వర్లు ఆగాయి. ముందురోజు రాత్రి మేం ఒక్క బుల్లెట్ కూడా కాల్చలేదు. జీపులో మ్యాపంతా తిరిగాం. జోన్ దగ్గరకొస్తున్నా వెళ్లలేదు, నీలం గోడ వచ్చి మమ్మల్ని దాటుకుంటూ పోయింది. మర్నాటి నుంచి ఆ గేమ్ పనిచేసింది మా నలుగురిలో డాలస్ వాడికి ఒక్కడికే. ఓసారి అలవాటుగా ఓపెన్ చేశాడట. మా ముగ్గురి పేర్లూ ఆఫ్‌లైన్ అని కనపడితే మూసేశాడట. వాట్సాప్ గ్రూప్ ఉంది. అందులో ఇప్పుడు పెళ్లి కార్డులు, పుట్టినరోజు కేకులు పడుతుంటాయి. 2021 జులైలో బీజీఎమ్ఐ పేరుతో అది మళ్లీ వచ్చింది, మేమూ దించుకున్నాం. నలుగురికీ ఒకేసారి ఖాళీ దొరకలేదు, అంతే.

అంటే అంతులేని ఆటలకి అసలు అంతమే ఉండదని కాదు. ఉంటుంది, కాకపోతే అది కథలో రాయరు. ది క్రూ అని ఒక కార్ల గేమ్, 2014లో వచ్చింది. డబ్బులు పెట్టి కొనుక్కునే గేమే. దాదాపు పదేళ్లు నడిపి 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరదు, డిస్క్ చేతిలో ఉన్నా పనికిరాదు. దీనిమీద కోపంతో యూరప్‌లో మొదలైన సంతకాల ఉద్యమం పది లక్షలు దాటేసింది. నా పసుపు క్యాసెట్ ఇప్పటికీ ఊదితే ఆడుతుంది. (అన్నయ్య దగ్గరుంది, ఇవ్వడు.)

మా తమ్ముడి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఫ్రెండ్ ఉండాలి, ఆట అయిపోవాలి. రెండూ ఉన్నవి వెతికితే ఉన్నాయి. ఇట్ టేక్స్ టూ అని 2021లో వచ్చింది, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో పెద్ద అవార్డు దానిదే. ఇద్దరు ఉంటే తప్ప ఆడటానికే కుదరదు. విడిపోదామనుకున్న మొగుడూ పెళ్లాలు చిన్న బొమ్మలైపోతారు. వాళ్లిల్లే వాళ్లకి పెద్ద అడవి. ఒకరి చేతిలో సుత్తి, ఒకరి చేతిలో మేకులు. వాడు మేకు విసిరితే గానీ నేను దూకలేను. ఒకరు కొంటే చాలు, రెండోవాడు ఫ్రీగా కలిసి ఆడొచ్చు. డాలస్ వాడి చేత కొనిపించా.

మాకు శనివారం పొద్దున, వాడికి శుక్రవారం రాత్రి. నేను కాఫీ, వాడేం తాగుతాడో ఇక్కడ రాయను. వాడు ఇప్పటికీ లేటే. ఈసారి నెట్ బావుంది, మనిషే లేటు. మధ్యలో ఒక పజిల్ దగ్గర ఆగిపోయి నలభై నిమిషాలు ఆట వదిలేసి వాడి వీసా గోల మాట్లాడుకున్నాం. స్క్రీన్ మీద రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి. ఏ టైమరూ మమ్మల్ని తరమలేదు. మొత్తం ఏడు చాప్టర్లు, ఇప్పటికి ఆరు అయ్యాయి. చివరిదొక్కటే ఉంది, చిన్నదే అంటున్నారు. గంట కూర్చుంటే అయిపోతుందట.

పోయిన వారం నాకు ఆఫీసులో రిలీజ్ ఉందని చెప్పా. నిజానికి అది సోమవారం. అంతకు ముందు వారం వాడికి తలనొప్పి. ఈ శనివారం కూడా ఏదో పని పడిందట, పొద్దున మెసేజ్ పెట్టాడు. ఏం పనిరా అని నేనూ అడగలేదు.